విశాఖలో బుడగలు కొరికిన కంచు

విశాఖపట్నం వెళ్లొచ్చానని చెబితే చాలు, ప్రతివాళ్లూ సముద్రస్నానం చేశావా అనే అడుగుతున్నారు. చెయ్యలేదు. ఓ వారం ఉండి కూడా కాలి బొటనవేలు తడుపుకోలేదు. నేను వెళ్లింది సముద్రం కోసం కాదు, ఆ సముద్రపు నీళ్లు తోడే ఒక పంపు కోసం. "పంపు జూడనీకి గంత దూరమా? మన హన్మకొండల పంపులు లేవా ఏంది?" అని మా అత్తగారు బయల్దేరేటప్పుడే మొదలుపెట్టారు.

ఉన్నాయి. మన పంపులు మోటారు కాలిపోయో, తుప్పు పట్టో పాడవుతాయి. ఆ పంపుని బుడగలు తినేస్తున్నాయి.

నవ్వకండి. నీళ్లు మరగాలంటే పొయ్యి మీద పెట్టాలని మనకు తెలుసు. కానీ నీటి మీద ఒత్తిడి బాగా పడిపోతే పొయ్యి లేకుండా, చల్లగా ఉండగానే మరుగుతాయి. వేగంగా తిరిగే పంపులో నీళ్లు లోపలికొచ్చే చోట అలా జరుగుతుంటుంది. ఆవిరి బుడగలు పుడతాయి. నాలుగు వేళ్ల దూరం వెళ్లేసరికి ఒత్తిడి మళ్లీ పెరిగి అవి టప్పున చితికిపోతాయి. చితికేటప్పుడు పక్కనున్న లోహాన్ని సూదితో పొడిచినట్టు పొడుస్తాయి. ఒక్క బుడగ ఏం చేస్తుంది, పాపం? ఏమీ చెయ్యదు. రాత్రింబవళ్లు లెక్కలేనన్ని పొడుస్తుంటే మాత్రం కంచు కూడా పుచ్చిపోతుంది. అవి ఎక్కడ పుడతాయో, ఎక్కడ చితుకుతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం, మిగిలిన టైములో పిల్లలకు ఇంజనీరింగు పాఠాలు చెప్పడం, ఇదీ నా బతుకు.

కంచరపాలెం

నన్ను రమ్మన్నది శామ్యూల్ గారు. మా కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే ఇన్‌స్ట్రక్టరుకు ఆయన బావగారు. కంచరపాలెంలో చిన్న ఫౌండ్రీ ఉంది, లోహం కరిగించి అచ్చుల్లో పోసే షెడ్డు. రేవు దగ్గర ఒక పంపుహౌస్ సముద్రపు నీళ్లు తోడి, చుట్టుపక్కల పెద్ద యంత్రాలను చల్లబరచడానికి పంపిస్తుంది. ఆ పంపులో తిరిగే రెక్కల చక్రాలను శామ్యూల్ గారే కంచుతో పోసి ఇస్తారు. ఒకప్పుడు ఏళ్ల తరబడి ఆడిన చక్రాలు ఇప్పుడు కొన్ని నెలలకే పుచ్చిపోతున్నాయి. నీ లోహంలో కల్తీ ఉంది అన్నారు పంపుహౌస్ ఆఫీసువాళ్లు. శుక్రవారం మీటింగులో తేల్చేస్తామన్నారు. కల్తీ అని తేలితే ఇక ఆయనకు ఆర్డరు ఇవ్వరు. రేవు దగ్గర ఒకరు వద్దన్న మనిషిని రెండోవాళ్లు పిలవరు, కాబట్టి ఫౌండ్రీ మూసుకోవడమే. బయటివాళ్ల చేత ఒకసారి లెక్క చూపించుకుంటానని ఆయన బతిమాలితే సరేనన్నారు. ఆ బయటి మనిషిని నేను.

స్టేషనులో ఆయనే ఎదురొచ్చారు. తెల్లచొక్కా, చేతుల మీద పాత కాలిన మచ్చలు. "వందనాలమ్మా. మా బావమరిది మీ గురించి సానా సెప్పినాడు" అంటూ నా చేతిలో ఉన్న చెప్పుల డబ్బా అందుకుని ఆశ్చర్యపోయారు. "సెప్పులు ఇంత బరువేటమ్మా?"

చెప్పులు కాదు, నా ప్రోగ్రాం. పంచ్ కార్డుల కట్ట మొత్తం అందులోనే ఉంది. వరస తప్పితే నా పని అయిపోయినట్టే, అందుకే రైల్లో తలకింద పెట్టుకుని పడుకున్నాను.

దారిలో హోటల్లో టిఫిను. ప్లేటు ఇడ్లీ ముప్పావలా. అందులోకి శనగపిండి ఉడికించి బొంబాయి చట్నీ అని పోశారు. నేను బొంబాయి రెండుసార్లు వెళ్లాను, అక్కడ ఎక్కడా నా కంటబడలేదది. అయినా రుచికి వంక పెట్టలేను, మళ్లీ అడిగి పోయించుకున్నాను.

ఇంట్లో శామ్యూల్ గారి భార్య కరుణమ్మ గారు టీ ఇచ్చారు. పక్కనే షెడ్డు. మనిషి అలికిడి లేదు. పోత పని తెలిసిన ముగ్గురూ, ఈ గొడవ తేలదని, కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో చేరిపోయారట. మంచి పని చేశారని ఆయనే అన్నారు. అనేటప్పుడు మాత్రం నా మొహం చూడలేదు.

ఇక నాకు దాచడం చేతకాలేదు. సంచిలోంచి కాగితం తీసి మంచం మీద పరిచాను. నా ప్రోగ్రాం రెక్క చుట్టూ ఉన్న నీటిని చిన్నచిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఒత్తిడి ఎంతో లెక్కగడుతుంది. ఒత్తిడి బాగుంటే ఆ గడిలో చుక్క, నీళ్లు మరిగితే నక్షత్రం అచ్చు వేస్తుంది. ఆఫీసువాళ్లు పంపిన డ్రాయింగుల్లోని కొలతలతో నేను మా ఊళ్లోనే లెక్క వేసుకుని వెళ్లాను.

"సుక్కలేటమ్మా ఇయ్యన్నీ?" అన్నారాయన.

"చుక్కలుంటే నీళ్లు మామూలుగా ఉన్నట్టు. నక్షత్రం ఉన్న చోట బుడగలున్నట్టు."

ఆయన కాగితాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో వెతికారు. "ఒక్కటీ లేదేటి?"

"లేదండీ."

"అంటే మీ కంప్యూటరు కూడా నా పోతే సెడ్డదంటన్నాది."

నేను కాగితం మడవబోయాను. కరుణమ్మ గారు మాత్రం ఊరుకోలేదు. "ఓలమ్మ! ఈ మాట సెప్పడానికేటి తల్లీ అంత దూరం నుండొచ్చినావు?" అని, ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం అన్నం మాత్రం కొసరి కొసరి వడ్డించారు. సిగ్గుతో సరిగా తినలేకపోయాను.

పంపుహౌస్

మర్నాడు పుచ్చిన చక్రాన్ని చూపించడానికి తీసుకెళ్లారు. పంపుహౌస్‌లో హెడ్ ఫిట్టరు సింహాచలం. భీమిలి మనిషి, బెస్తల కుటుంబం, మీసాలు గట్టివి, మాట అంతకంటే వేగం. "రా బావా" అని శామ్యూల్ గారి భుజం మీద చెయ్యి వేశాడు. ఇక్కడ మగవాళ్లంతా ఒకరికొకరు బావలే. కులం, మతం, వయసు ఏదీ అడ్డురాదు. మా వైపు ఈ పిలుపు ఇంత ధారాళంగా వాడితే లేనిపోని చుట్టరికాలు పుట్టుకొస్తాయి.

ఆఫీసుకూ శామ్యూల్ గారికీ తగువు నడుస్తున్నా వీళ్లిద్దరి స్నేహం చెక్కుచెదరలేదు. వారానికోసారి ఒకరింట్లో ఒకరు తింటారట.

చక్రం గోడకు ఆనించి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో రెక్క వెనక్కి వేలు పోనిచ్చాను. స్పాంజిలా అయిపోయింది కంచు. కానీ ఒకటి గమనించాను. ప్రతి రెక్కకూ ఒకే చోట పుచ్చింది, వెనకవైపు, నీళ్లు లోపలికొచ్చే అంచు దాటగానే. పోతలో దోషమైతే బొక్కలు ఎక్కడబడితే అక్కడ పడాలి. అన్ని రెక్కలూ కూడబలుక్కుని ఒకే చోట పాడవ్వవు కదా.

"ఇది బుడగల పనే" అన్నాను.

శామ్యూల్ గారు నా పక్కనే కూర్చున్నారు. "మరి నిన్న ఆ కాగితంలో సుక్కలేనా?"

"నేను డ్రాయింగులో ఉన్న పంపుకి లెక్క వేశాను. ఇక్కడ ఆడుతున్న పంపు వేరు. ఎక్కడ వేరో కనిపెట్టాలి."

పంపు దగ్గరికి వెళితే చప్పుడే చెప్పింది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు గలగల. బుడగలున్న పంపు చేసే చప్పుడే అది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే సింహాచలం తల గోక్కున్నాడు. "రెండు మూడేళ్లయుంటాది మేడమ్‌గోరూ. మాకు అలవాటైపోనాది. ఆగిపోతేనే నిద్దరట్టదు."

పంపులోకి వచ్చే నీటి ఒత్తిడి చూపించే గేజి ఒకటుంది. గాజు మీద ఎన్నిసార్లు కొట్టినా ముల్లు కదల్లేదు. అది చచ్చిపోయి చాలాకాలమైందట. కొత్తది కావాలని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మూర్తి గారి దగ్గరికి వెళ్లాను. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మర్యాదకు లోటులేదు. "తప్పకుండా ఇద్దామండి. ఇండెంటు పెడితే ఓ రెండు నెలల్లో వచ్చేస్తుందండి" అన్నారు. శుక్రవారం మీటింగు పెట్టుకుని రెండు నెలలేమిటి అని నాకు ఒళ్లు మండింది. ఆయన కాఫీ తెప్పించారు. కాఫీ బాగుంది, అది వేరే సంగతి.

సముద్రం మట్టం చూశాను, సరిగ్గానే ఉంది. మోటారు వేగం సరిగ్గానే ఉంది. నీళ్లు వచ్చే దారిలో చేపలూ చెత్తా రాకుండా ఇనప జల్లెడ ఉండాలని డ్రాయింగులో ఉంది. అది మూసుకుపోలేదు కదా అని అడిగాను. "ఆ ఇసయంలో మీకు బయం అక్కర్లేదమ్మా. సిన్న సేప కూడా రాదు లోపలికి" అన్నాడు సింహాచలం గర్వంగా. నేను నమ్మాను.

రొయ్యల వేపుడు

బుధవారం పొద్దుటినుంచీ పైపుల కొలతలు తీసుకుని, మధ్యాహ్నానికి నీరసపడి కూలబడ్డాను. పంపుహౌస్‌లో షిఫ్టువాళ్లంతా కలిసి వండుకుంటారు. నాకూ ఓ విస్తరి వేశారు. రొయ్యల వేపుడు, చింతపండు చారు. అబ్బ, ఏం రొయ్యలండీ! ఒక్కొక్కటి నా చిటికెన వేలంత. ఉల్లిపాయ ఎర్రగా వేగి, కొంచెం తియ్యగా, కొంచెం ఘాటుగా. ఎండలో బడి ఇంత దూరం వచ్చినందుకు ఆ ఒక్క పూట చాలనిపించింది. నాకు ఎక్కడికెళ్లినా ధరలు అడిగే జబ్బుంది. ఊరికొచ్చాక మావాళ్లకు చెప్పాలి కదా.

"వీశె ఎంతకిచ్చారు సింహాచలం?"

"కొనడమేటమ్మా! మన నీళ్లలోయే. వల కట్టినాం గదా ఇన్‌టేక్ కాడ."

ముద్ద నోట్లోనే ఆగిపోయింది. "ఏ వల?"

చెప్పాడు. ఇనప జల్లెడ ఉప్పునీటికి తుప్పుపట్టి ముక్కలుముక్కలుగా రాలిపోయిందట. కొత్తదానికి కాగితం పెడితే రాలేదు. చేపలు లోపలికొచ్చి పంపు ఆగిపోతుంటే, పంపుని కాపాడదామని ఇంట్లో ఉన్న పాత వల తెచ్చి నీళ్లు వచ్చే నోటికి అడ్డంగా బిగించాడు. ఆ వల్లో చేపలు పడ్డాయి. తర్వాత, రొయ్యలు కూడా పడతాయి కదా అని సన్నకన్ను వల మార్చాడు. అప్పటినుంచి దాన్ని విప్పలేదు. పైనుంచి పొడుగు కర్రకు కట్టిన జాలిగంటెతో రొయ్యలు తోడుకోవడమే.

"ఒక్కసారి కూడా విప్పలేదా?"

"ఇప్పితే సేపలు పంపులోకి పోవా మేడమ్?"

చేయి కడుక్కుని వెళ్లి గట్టు మీదనుంచి వంగి చూశాను. నీళ్లలో వల కనబడలేదు. నాచు, నత్తగుల్లలు పట్టి నల్లటి గోడ ఒకటి కనబడింది. ఆ గోడ సందుల్లోంచి పంపు నీళ్లు లాక్కుంటోంది. లాక్కోలేక ఒత్తిడి పడిపోయి బుడగలు పుట్టిస్తోంది. ఇదంతా నేను సింహాచలానికి విడమరిచి చెప్పాను. వింటూ వింటూ అతని మొహం పాలిపోయింది.

"అంటే మా బావ కొంప నానే ముంచినానా అమ్మా?" అన్నాడు.

భీమిలి

వల విప్పేస్తే చప్పుడు ఆగిపోతుంది, ఆ నమ్మకం నాకుంది. కానీ ఆఫీసువాళ్లు చప్పుడు వేరు, లోహం వేరు అంటారు. ఆ వల వల్లే, సరిగ్గా ఆ చోటే రెక్క పుచ్చుతుందని చూపిస్తేనే శామ్యూల్ గారు బయటపడతారు. దానికి వల ఎంత అడ్డుపడుతుందో లెక్క కావాలి. నీళ్లలో ఉన్నదాన్ని కొలవలేను. వల కన్నూ, దారం మందం తెలిస్తే మాత్రం, నాచు పట్టినంత మేర మూసేసి లెక్క కట్టొచ్చు. అదే వల రెండో సగం భీమిలిలో ఇంట్లో ఉందన్నాడు సింహాచలం. బస్సెక్కాం.

బస్సు కిటికీలోంచి ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం. ఎంత అందంగా ఉందో రాయడానికి నాకు తీరిక చిక్కలేదు, పక్కన ఆ మనిషి ఒకటే గొణుగుడు. "ఈ మాట ఆపీసులో తెలిస్తే నా ఉజ్జోగం పోద్ది. తెలీకపోతే బావ షెడ్డు పోద్ది. ఏటి సేసేది మేడమ్?"

సింహాచలం తండ్రి ఇంటి ముందు కూర్చుని వల అల్లుతున్నాడు. ముందు చోడంబలి పోయించాడు. రాగుల్ని మా వైపు తైదలంటాం, ఇక్కడ చోళ్లంటారు. మేం బెల్లం వేసుకుంటాం, వీళ్లు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగుతారు. ఎండలో ఇదే మేలని ఒప్పుకోక తప్పలేదు. నేను స్కేలు తీసి వల కన్నూ, దారం మందం కొలుచుకుంటుంటే ఆయన కొడుకు వైపు తిరిగాడు.

"ఆరబెట్టకుండా ఇన్నాళ్లు నీళ్లలో ఒగ్గేసినావా? వలేసినోడు ఎవడన్నా ఆ పని సేత్తాడేట్రా?"

"సేపల ఏటకి కాదు గదా నాన్నా, జల్లెడకి బదులు కట్టినాను."

తండ్రి చాకు తీసుకున్నాడు. వల ముక్క ఒకటి నాకు కోసిచ్చాడు. తిరుగు బస్సులో అది ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చీరంతా చేపల వాసన, రెండు ఉతుకులకు గాని పోలేదు.

కార్డులు ఆరబెట్టుకున్న కథ

గురువారం పొద్దున్నే ఇక్కడి యూనివర్సిటీ కంప్యూటరు మీద మా కాలేజీవాళ్లు కాస్త టైము ఇప్పించారు. వల కొలతలతో కొత్త కార్డులు పంచ్ చేసుకుని, కట్ట తీసుకెళ్లి ఇస్తే మెషిను నాలుగు మింగి ఐదోదాన్ని నమిలేసింది. కార్డులు ఇక్కడి గాలికి అప్పడాల్లా మెత్తబడ్డాయి. మా హనుమకొండ ఎండల్లో గలగలలాడేవి! ఆపరేటరు దండం పెట్టి, "మీ కట్ట ఆరబెట్టుకుని మధ్యాహ్నం రండి మేడమ్, మెషిను పాడైతే నన్ను తిడతారు" అన్నాడు.

ఎక్కడ ఆరబెట్టను? ఎండలో పెడితే గాలికి ఎగిరి వరస పోతుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నిజంగానే. రిక్షాలో కంచరపాలెం వచ్చి శామ్యూల్ గారికి చెబితే ఆయన షెడ్డు తలుపు తీశారు. ఇసక అచ్చులు ఆరబెట్టే చిన్న పొయ్యి ఉంది అక్కడ. అందులో నాలుగు బొగ్గులు వేసి, రేకు పైన గుడ్డ పరిచి, నా కార్డులు చిన్నచిన్న కట్టలుగా పేర్చారు. చేత్తో వేడి చూస్తూ, కట్టలు తిప్పుతూ పక్కనే కూర్చున్నారు. మూతపడ్డ షెడ్డులో నిప్పు చూసి కరుణమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిసి, "బాగున్నాది సంబడం" అన్నారు గానీ వెళ్లిపోకుండా ఆవిడా కూర్చున్నారు.

సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. యూనివర్సిటీ మెట్ల మీదే విప్పాను. చుక్కలు, చుక్కలు, తర్వాత నక్షత్రాలు. రెక్క వెనకవైపు, అంచు దాటగానే గుంపుగా మొదలై, కొంచెం దూరంలో తెగిపోయాయి. తెగిన చోటే బుడగలు చితికేది. ఆ చోటే కంచు పుచ్చింది. మెట్ల మీద ఎవరున్నారో కూడా చూసుకోకుండా గట్టిగా కేక పెట్టాను.

ఇంటికొచ్చేసరికి సింహాచలం అక్కడే ఉన్నాడు. నేను రాకముందే వల సంగతి శామ్యూల్ గారికి చెప్పేశాడు. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి శామ్యూల్ గారు అరుస్తున్నారు, ఆ మనిషి అరవగలడని నేననుకోలేదు. "నా మనుసులు ఎల్లిపోనారు! దొంగనాకొడుకు, కల్తీ సేసినాడని ఊరంతా అంటన్నారు! నీకు రొయ్యలు గావాల్సొచ్చినాయా?"

సింహాచలం తలొంచుకుని నిలబడ్డాడు. అప్పుడు కరుణమ్మ గారు అన్నారు, "ఆ రొయ్యలు మనం తినలేదేటి? వారం వారం నీ బావ తెచ్చిత్తే వండింది నాను, ఏలు నాకినోడివి నువ్వు."

శామ్యూల్ గారు మంచం మీద కూర్చున్నారు. సింహాచలాన్నీ కూర్చోమన్నారు. నేను నా నక్షత్రాలు పరిచాను. ఈసారి ఆయన వేలికి వెతుక్కునే పని లేకపోయింది.

శుక్రవారం

మీటింగుకి ముందు పొద్దున్నే సింహాచలం నీళ్లలోకి దిగి వల కోసేశాడు. బయటికి లాగడానికి నలుగురు పట్టాల్సొచ్చింది. పంపు చప్పుడు మారిపోయింది. గులకరాళ్లు లేవు, మోటారు హోరు మాత్రమే ఉంది. చేపలు రాకుండా ప్రస్తుతానికి ఓ ఇనప తడిక దించారు.

మూర్తి గారి గదిలో బల్ల మీద నేను కాగితం పరిచి, పక్కన పుచ్చిన రెక్క ముక్క పెట్టాను. నక్షత్రాలు ఎక్కడున్నాయో, పుచ్చు ఎక్కడుందో ఆయనే కొలుచుకున్నారు. మంచి ఇంజనీరే, నేను రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఒప్పుకున్నానండి. నీళ్లు రాకుండా ఏదో అడ్డం ఉండేదన్నమాట. ఏమిటండీ అది?"

నాచు అని చెప్పి తప్పించుకుందామా అని రాత్రే అనుకున్నాను. కానీ నాచు సముద్రంలో ఎప్పుడూ ఉండేదే, మీ చక్రం దానికి తట్టుకోవాలి కదా అని మళ్లీ శామ్యూల్ గారి మీదికే తిప్పుతారు. "వల" అన్నాను.

"వలా? ఎవరు కట్టారండి?"

సింహాచలం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, గోడ పట్టుకుని. నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది. "చూడండి మూర్తి గారూ. జల్లెడ రాలిపోయి, కొత్తది కావాలని కాగితం పెడితే ఇవ్వనిది ఎవరు? ముందు ఆ పేరు చెప్పండి. తర్వాత వల కట్టిన మనిషి పేరు నేను చెబుతాను."

ఊరుగాని ఊళ్లో ఆఫీసరుతో అలా మాట్లాడొచ్చా? మూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తలుపు వైపు చూశారు, నా వైపు చూశారు. మెల్లగా నవ్వొచ్చింది ఆయనకు, అదీ సంతోషంగా కాదు.

"ఆదివారం ఆదివారం సీతమ్మధారలో మా ఇంటికి కూడా వచ్చేవండి, రొయ్యలు. ఎక్కడివని నేనూ అడగలేదండి."

ఆ తర్వాత ఎవరూ పేరు అడగలేదు. పోతలో దోషం లేదని, కొత్త జల్లెడ వెంటనే పెట్టాలని రాసుకున్నారు. కొత్త చక్రం ఆర్డరు శామ్యూల్ గారికే. పంపు ఆగకూడదు కాబట్టి వచ్చే వారమే కావాలన్నారు. శామ్యూల్ గారు లేచి అందరికీ నమస్కారం పెట్టి బయటికొచ్చి, వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చారు. సింహాచలం ఆయన దగ్గరికి వెళ్లాలా వద్దా అని ఆగి, వెళ్లాడు.

ఉక్కునగరం

చక్రం పొయ్యడానికి మనుషులేరీ? శనివారం శామ్యూల్ గారూ నేనూ ఆ ఉక్కు ఫ్యాక్టరీవాళ్లు ఉండే ఉక్కునగరం వెళ్లాం. గీత గీసినట్టు రోడ్లు, సెక్టార్లు, ఒకేలాంటి క్వార్టర్లు. సగం ఇంకా కడుతున్నారు. వరంగల్‌లో ఇల్లు చెప్పాలంటే వేపచెట్టు, మసీదు అని గుర్తులు చెబుతాం, ఇక్కడ అంకెలే. ఆ అంకెలు పట్టుకుని గంటసేపు తిరిగాం, తిరిగిన చోటే మళ్లీ తిరిగాం.

చివరికి, వెళ్లిపోయిన ముగ్గురిలో పైడిరాజు దొరికాడు. శామ్యూల్ గారి దగ్గర పదిహేనేళ్ల వయసు నుంచి పనిచేసిన మనిషి. సంగతి వినగానే మొహం వెలిగిపోయింది. "నాకు తెల్సు బావా, నీ కంచులో కల్తీ ఏటి? మిగతా ఇద్దర్నీ తోలుకుని రేపొత్తాం. రేపాదివారం, సెలవు."

శామ్యూల్ గారు తల అడ్డంగా ఊపారు. "ఆదివారం నాను పొయ్యి ఎలిగించను."

"మాకు ఆ రోజే సెలవు బావా."

"తెల్సురా. మా నాన్న ఎలిగించలేదు. నానూ ఎలిగించను."

పైడిరాజు పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. టీ ఇచ్చి బస్సు దాకా వచ్చి పంపాడు. బస్సులో నేనే ఆగలేకపోయాను. "ఏం మొండితనమండీ ఇది? కాగితం గెలిచి, పంపు గెలిచి, ఇప్పుడు పోసే మనుషుల్ని వద్దంటారా? రెండో ఆర్డరు ఇస్తారా వాళ్లు?"

"ఇవ్వరమ్మా."

"మరి?"

"మరేటి? ఆదివారం ఆదివారమే" అన్నారాయన. ఇంత కష్టపడి చివరికి ఇంతేనా అని దిగులేసింది.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ చర్చికి వెళ్లారు, నన్నూ తీసుకెళ్లారు. పాటలు బాగా పాడారు. మధ్యాహ్నం పడుకున్నాం. సోమవారం సాయంత్రం నా రైలు. పొద్దున్నే కార్డులు సర్దుకుంటుంటే షెడ్డులోంచి దబదబ దిమ్మిస చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే ముగ్గురు మనుషులు అచ్చుపెట్టెలో ఇసక దట్టిస్తున్నారు. పైడిరాజు బనీను అప్పుడే తడిసిపోయింది. శామ్యూల్ గారు గుమ్మంలో నిలబడిపోయారు.

"ఈయాల మీకు డ్యూటీ గదా?"

"సెలవు సీటీ ఇచ్చేసినాం. ఒక రోజు జీతం కోసేత్తారు, అంతే గదా" అన్నాడు పైడిరాజు, తలెత్తకుండా. "అచ్చు రెడీ అవతాది గానీ, నువ్వు పొయ్యి సంగతి సూడు."

మధ్యాహ్నానికి కంచు కరిగింది. కరిగిన కంచున్న మూసపాత్రను బయటికి తీసి, పట్టుకారు రెండు కొసలూ ఇద్దరు పట్టుకోవాలి. ఒకవైపు శామ్యూల్ గారు పట్టారు. పట్టి, ఎత్తకుండా ఆగిపోయారు. ఎన్నో ఏళ్లుగా పోస్తున్న మనిషి అలా ఆగడం చూసి మేమంతా ఆయన వైపే తిరిగాం. పైడిరాజు రెండోవైపు పట్టుకుని ఆయన కళ్లలోకి చూశాడు.

"నానున్నాను గదా. పోసేయ్ బావా."

పోశారు.